మృగయాసంకల్పం: బాణం కంటే ముందు బయలుదేరేది

ఏ వైదికకర్మ అయినా సంకల్పంతో ఆరంభమౌతుంది. ఆచమన ప్రాణాయామాలు ముగించిన కర్త తాను నిలిచిన దేశాన్ని, కాలాన్ని, తన గోత్రనామాలను, ఆచరింపబోయే కర్మను, దాని ప్రయోజనాన్ని స్పష్టంగా ఉచ్చరిస్తాడు. అక్షతలు, ఉదకం పళ్ళెంలో విడిచిన తరువాతనే తక్కిన తంత్రం. సంకల్పహీనమైన కర్మ నిష్ఫలమని పెద్దలు చెబుతారు. ఈ మాటకు రెండవ ముఖం కూడా ఉన్నది. సంకల్పం జరిగిన క్షణంలోనే కర్మకు బీజం పడింది; హస్తం చేసేది దానికి కొనసాగింపు మాత్రమే. పుణ్యకర్మకు వర్తించే ఈ నియమం పాపకర్మకు వర్తించదనడానికి ఆధారం లేదు.

ఈ దృష్టితో ఒక సందర్భాన్ని పరిశీలించవలసి ఉన్నది. జనగామ ప్రాంతపు పల్లెలో పుట్టి, ఉన్నతవిద్యకై అమెరికా వెళ్ళి, టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడిన ఒక యువకుణ్ణి ఊహించవచ్చు. సహోద్యోగులు అతణ్ణి వేటయాత్రకు ఆహ్వానించారు. అక్కడ అది శాసనసమ్మతమే. వేటశిక్షణ పాఠం పూర్తిచేయాలి, లైసెన్సు తీసుకోవాలి, తుపాకి గురి సరిచూసుకోవాలి, గైడుకు బయానా చెల్లించాలి. ఇవన్నీ జరుగుతూ ఉండగా అతడు ఫోనులో తల్లికి యాత్రావిశేషం చెబుతాడు. ఆమె వివరం పూర్తిగా ఎరుగదు. బిడ్డ తుపాకి పట్టుకొని అడవికి వెళుతున్నాడని మాత్రం తెలిసి, భయపడి, ఆలయానికి వచ్చి అతని గోత్రనామాలతో అర్చన చేయించమంటుంది. అర్చకుడు ఆ సంకల్పంలో ఏ ప్రయోజనాన్ని ఉచ్చరించాలి? క్షేమ స్థైర్య విజయములన్న పదాలలో ఇక్కడ 'విజయం' అంటే ఏమిటి? ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, దాని వెనుక మృగయాధర్మవిచారమంతా ఉన్నది.

ఈ నేల చూచిన షికారు

సన్నాహంతో, మార్గదర్శకులతో, అతిథిమర్యాదలతో సాగే వేట ఓరుగల్లు సీమకు కొత్త కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో ప్రసిద్ధుడు. మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆయనవల్లనే వచ్చిందని ప్రతీతి. 1899 నుంచి 1905 వరకు వైస్రాయిగా ఉన్న లార్డ్ కర్జన్ ఆ పాలనాకాలంలోనే, మహబూబాబాదుకు వెళ్ళే రైలుమార్గంలోని నెక్కొండ సమీపంలో విడిదిచేసి పులివేట సాగించాడు. హతమైన పులి చెంత దంపతులిద్దరూ నిలిచిన ఛాయాచిత్రాన్ని రాజా దీన్‌దయాళ్ తీశాడని చెబుతారు; అది నేటికీ ప్రపంచమంతటా ప్రచురితమౌతున్నది.

ఆ చిత్రంలో కనిపించనివారిని స్మరించడం ఉచితం. అటువంటి షికారులో పులి జాడ ముందుగా పసిగట్టేవారు స్థానికులైన అడవిబిడ్డలు. ఎరగా దున్నపోతు దూడనో మేకనో కట్టేవారు వేరు. డప్పులతో, కేకలతో మృగాన్ని తరిమి మంచె ముందుకు తెచ్చేవారు వేరు. వందలమంది శ్రమించి, ఒక ప్రాణిని ఒక నిర్ణీతస్థానానికి, నిర్ణీతసమయానికి చేర్చిన తరువాత, మంచెపైన సురక్షితంగా కూర్చున్న అతిథి తుపాకి మీట నొక్కేవాడు. శౌర్యమన్న కీర్తి మాత్రం అతనిది. పాకాల, ఏటూరునాగారం అడవులు నేడు అభయారణ్యాలు. వాటిలో పెద్దపులి అడుగుజాడ కనిపిస్తే చాలు, అది వార్త అవుతున్నది. ఒకనాడు అతిథిసత్కారంలో భాగమైన ప్రాణి నేడు తానే అరుదైన అతిథి అయింది.

టెక్సాస్ క్షేత్రాలలో జరిగేదీ స్వరూపంలో ఇదే. మంచెకు బదులు మరుగుగుడిసె. ఎరకు బదులు నియమితవేళకు మొక్కజొన్నగింజలు చల్లే యంత్రం. డప్పుల వలయానికి బదులు, అనేకచోట్ల, మృగం దూకలేని ఎత్తైన కంచె. కొమ్ముల కొలతను బట్టి వెల. గాయపడిన మృగం పొదలలో అదృశ్యమైనా వెల చెల్లించవలసిందే అన్న నిబంధన ఈ వ్యాపారంలో సాధారణం. అనగా కొనుగోలుదారు కొంటున్నది మాంసం కాదు, చర్మం కాదు. ఒక ప్రాణంపై ప్రయోగించే అధికారం.

ఇందులో తెలుగుబిడ్డ హృదయాన్ని కలచవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఆ క్షేత్రాలలో వేటకై పెంచే విదేశీమృగాలలో ముఖ్యమైనవి రెండు: కృష్ణమృగం, మచ్చల జింక. రెండూ భారతదేశం నుంచి తరలినవే. 1930ల నాటికే అవి టెక్సాస్ గడ్డమీద అడుగుపెట్టాయి. కృష్ణమృగం ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్రమృగం. జింక తెలంగాణకు రాష్ట్రమృగం. కృష్ణమృగం స్వేచ్ఛగా సంచరించే భూమియే యజ్ఞార్హమైన దేశమని మనుస్మృతి నిర్వచించింది. ఏ ప్రాణి సంచారం పుణ్యభూమికి సరిహద్దు గీసిందో, ఆ ప్రాణిని పరదేశపు కంచెలో వెలకట్టి కొని చంపడానికి, ఆ పుణ్యభూమి నుంచి వెళ్ళినవాడు బయానా చెల్లిస్తున్నాడు.

'ఉపనయనంలో వటువు ధరించే కృష్ణాజినం కూడా మృగచర్మమే కదా' అని ఎవరైనా అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అజినధారణకు విధి ఉన్నది. విధి అంటేనే పరిమితి. దానికి కొమ్ముల కొలత లేదు, పోటీ లేదు, గోడకు తగిలించే గర్వం లేదు. ఆ చర్మంపై కూర్చున్నవాడు నేర్వవలసినది ఇంద్రియనిగ్రహం. అదే చర్మాన్ని ఇంద్రియోద్రేకానికి చిహ్నంగా వేలాడదీయడం ఆ విధికి పూర్తి విపర్యాసం.

శాస్త్రమర్యాద

మృగయ క్షత్రియులకు అనుమతమన్నది నిజం. అనుమతించిన గ్రంథాలే దానిని ఎక్కడ ఉంచాయో కూడా చూడాలి. మనుస్మృతి సప్తమాధ్యాయంలో కామజనితమైన పది వ్యసనాలను లెక్కించేటప్పుడు మృగయను ఆదిలోనే పేర్కొన్నది. ఆ పదింటిలో అత్యంతకష్టకరములైన నాలుగింటిలో మద్యపానం, జూదం, స్త్రీలోలత్వాల సరసన మరల దానిని నిలిపింది. అర్థశాస్త్రకర్త కౌటిల్యుడు జూదం కంటె వేట మేలన్నాడు. వ్యాయామం కలుగుతుంది, కొవ్వు కరుగుతుంది, కదలే లక్ష్యంపై గురి కుదురుతుంది, భయక్రోధాలలో మృగాల చిత్తవృత్తి తెలుస్తుంది అన్నాడు. అయితే ఆ చర్చ జరిగినది రాజవ్యసనాల ప్రకరణంలో. రెండు రోగాలలో ఏది తీవ్రమని వైద్యుడు విచారించినంత మాత్రాన స్వల్పరోగం ఆరోగ్యం కాజాలదు.

ఇతిహాసపురాణాలు వేటను వర్ణించిన చోట్లలో దాని ఫలాన్ని కూడా చూపాయి. దశరథుడు రాత్రివేళ సరయూతీరంలో కడవలో నీరు నిండే ధ్వని విని, ఏనుగని భ్రమించి శబ్దవేధి ప్రయోగించాడు. పుత్రశోకమరణానికి ఆనాడే విత్తు నాటుకున్నాడు. అతడు క్రూరుడు కాడు. తన విద్యపై మితిమీరిన విశ్వాసం కలవాడు. కనులతో చూడకముందే విల్లు వంగడానికి కారణం, మనస్సు ముందుగానే చంపడానికి సిద్ధమై కూర్చోవడం.

పాండురాజు కథ మరింత సూక్ష్మమైనది. మృగరూపంలో సంగమించి ఉన్న కిందమమహర్షిని అతడు కొట్టాడు. రాజులకు వేట ధర్మమేనని, అగస్త్యుని ఉదాహరించి వాదించాడు. మహర్షి ఆ వాదాన్ని పూర్తిగా త్రోసిపుచ్చలేదు. వేటాడినందుకు కాదు, కాలం చూడనందుకు శపిస్తున్నానన్నాడు. సంగమవేళలో ఉన్న ప్రాణిని సహించి వేచి ఉండలేని రాజు ఆ వేళలోనే మరణిస్తాడన్నది శాపసారం. టెక్సాస్‌లో స్థానిక జింకకు వేటఋతువు ఉన్నది; విదేశీమృగాలకు మాత్రం అక్కడి శాసనం ఋతునియమం గాని సంఖ్యానియమం గాని విధించలేదు. అంటే, కిందముడు ఏ మర్యాదను అతిక్రమించినందుకు పాండురాజును శపించాడో, ఆ మర్యాదయే అక్కడ లేదు. దానిని అతిథి తానై పాటిస్తే తప్ప పాటించే అవకాశం లేదు.

జనగామ జిల్లాలోని బమ్మెర పోతనామాత్యుని గ్రామం. ఆయన తెలుగుచేసిన భాగవతానికి ద్వారం తెరచినదే ఒక వేట. పరీక్షిన్మహారాజు మృగాలవెంట అలసి, దప్పిగొని, శమీకుని ఆశ్రమం చేరి, మౌనంగా ఉన్న మునిపై కినిసి మృతసర్పాన్ని ఆయన మెడలో వేశాడు. ధర్మజ్ఞుడైన రాజును ఆ పనికి పురికొల్పినది వేట తెచ్చిన అలసట, వేట పెంచిన అసహనం. చతుర్థస్కంధంలోని పురంజనోపాఖ్యానం ఇంకా ముందుకు వెళుతుంది. పురంజనుడు భార్యను విడిచి వేటకు వెళ్ళే రథాన్ని దేహేంద్రియాలకు ప్రతీకగా నారదుడు ప్రాచీనబర్హికి వివరించాడు. తాను వధించిన పశువులు పరలోకంలో ఇనుపకొమ్ములతో తనకోసం ఎదురుచూస్తున్నాయని ఆ రాజుకు చూపించాడు కూడా. గజేంద్రుని ఆర్తిని తెలుగువారి నిత్యపారాయణం చేసిన కవి గ్రామానికి పొరుగువాడు, ఏనుగో జింకో తన గురిముందు నిలిచినప్పుడు ఎవరి పక్షాన నిలుస్తున్నాడో తెలుసుకోవాలి.

ఆ సమీపంలోనే వల్మిడి గుట్ట ఉన్నది. వాల్మీకిమహర్షి ఆశ్రమస్థానమదేనని స్థానికుల విశ్వాసం. వేటగాని బాణానికి కూలిన క్రౌంచపక్షిని చూచిన శోకమే ఆదికావ్యానికి మూలమైంది. ఒక పక్షి మరణానికి కన్నీరు పెట్టిన కన్నులకే రామకథ సంపూర్ణంగా దర్శనమిచ్చిందన్నది ఈ జాతి సాహిత్యానికి పునాది.

పూర్వపక్షం

ఎదుటివాదాన్ని గౌరవంగా వినకుండా ఖండించడం శాస్త్రపద్ధతి కాదు. మొదటిది: వేటరుసుములతో వన్యప్రాణిరక్షణ జరుగుతున్నదంటారు. ఇందులో సత్యాంశం ఉన్నది. నమీబియాలో గ్రామీణసమాజాలకు ఈ రాబడి చేరుతున్నది. కృష్ణమృగం అంతరించిన పాకిస్తాన్‌లో దానిని పునఃప్రతిష్ఠించడానికి టెక్సాస్ మందల నుంచే కొన్నింటిని తరలించారు. అయితే ఇది వ్యవస్థకు కలిగిన ఫలం, వేటగాని సంకల్పం కాదు. దొంగ చెల్లించిన జరిమానాతో గ్రామంలో బావి తవ్వితే ఆ నీరు తియ్యగానే ఉంటుంది. దొంగతనం మాత్రం దానధర్మం కాదు. రక్షణయే సంకల్పమైతే, ఆ ధనాన్ని మృగం బ్రతికి ఉండగానే ఇవ్వవచ్చు. ఇవ్వడానికి వెనుకాడి, చంపడానికి మాత్రమే చెల్లిస్తానన్నప్పుడు కోరిక ఏదో స్పష్టమే. పైగా ఈ వ్యవస్థ ఎంత సులభంగా దారితప్పుతుందో 2015లో జింబాబ్వేలో సెసిల్ అన్న సింహం మరణం లోకానికి చాటింది. గైడు వెంట వెళ్ళిన అతిథి బాణంతో గాయపడిన ఆ సింహం వెంటనే చావలేదు; గంటలు గడిచిన తరువాత హతమైంది.

రెండవది: అంగడిలో మాంసం కొని తినేవాడికి వేటను నిందించే అర్హత ఏమున్నదంటారు. ఈ వాదం పదునైనది. మనుస్మృతి పంచమాధ్యాయం చంపినవాణ్ణి మాత్రమే కాక, అనుమతించినవాణ్ణి, కోసినవాణ్ణి, కొన్నవాణ్ణి, అమ్మినవాణ్ణి, వండినవాణ్ణి, వడ్డించినవాణ్ణి, తిన్నవాణ్ణి కూడా ఘాతకుల పంక్తిలోనే కూర్చోబెట్టింది. కనుక మాంసాహారి తన పళ్ళాన్ని మరచి వేటగాణ్ణి మాత్రమే నిందిస్తే అది కపటమే. కాని ఈ వాదం వేటకు అనుజ్ఞ ఇవ్వదు. విచారాన్ని భోజనశాల వరకు విస్తరించమంటుంది, అంతే. అదే వాక్యప్రకారం గైడు, జాడ చూపినవాడు, క్షేత్రస్వామి, రుసుము చెల్లించిన అతిథి ఒకే కర్మలో భాగస్వాములు. 'గైడు చూపాడు, కొట్టాను' అన్నమాట చెల్లదు.

మూడవది: భక్తకన్నప్ప వేటగాడే కదా అంటారు. పాలకురికి సోమనాథుడు బసవపురాణంలో గానంచేసిన ఆ కథను ఆ పాలకుర్తి ప్రాంతంవారు ఎవరూ మరువరాదు. కన్నప్పను శివుడు మెచ్చినది వేటాడినందుకు కాదు. తనకు లభించినదానిలో శ్రేష్ఠమైనదాన్ని స్వామికి ముందు సమర్పించినందుకు, చివరకు తన కన్నునే ఇచ్చినందుకు. బాణం వేసే చేయి తన కన్ను పెకలించుకునే చేయిగా మారినది ఆ కథలోని మలుపు. వేటయాత్రకు సిద్ధమయ్యేవాడు కన్నప్పను ఆదర్శంగా చెప్పుకుంటే ఆ మలుపు వరకు నడవాలి.

మూడు వేటలు, ఒక వివేకం

వేటలన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఆహారార్థం, రక్షణార్థం, వినోదార్థం అని సంకల్పభేదంతో మూడుగా విభజించాలి. అడవినే ఆధారంగా తరతరాలు జీవించిన కోయలు ఆకలికై పట్టినది మొదటిది. నేటి శాసనం దానిని కూడా అనుమతించదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం అనేక సంప్రదాయహక్కులను గుర్తిస్తూనే వేటను మినహాయించింది. ఈ నిషేధం దరిద్రునికి భారమే. అటువంటివాని నుంచి త్యాగాన్ని కోరిన సమాజం, సంపన్నుని వినోదాన్ని మన్నించడం ఏ ధర్మం?

రెండవది పంటరక్షణ. రాత్రికి రాత్రి అడవిపందుల మంద మక్కచేనును నేలమట్టం చేస్తే రైతుకు కలిగే దుఃఖం నిజమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టం ఇటువంటి సందర్భాలకు అధికారుల అనుమతితో కూడిన మార్గాన్ని ఉంచింది. ఆ మార్గం విడిచి చేను చుట్టూ, అడవిదారుల్లో విద్యుత్తీగలు పరచడం మహాపాతకం. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం ప్రాంతపు అడవిలో, మృగాలకై అమర్చిన కరెంటుతీగ తగిలి, విధినిర్వహణలో ఉన్న ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ప్రాణాలు కోల్పోయాడు. తీగకు మృగమేదో మనిషేదో తెలియదు. దశరథుని బాణానికీ తెలియలేదు. చూడకుండా చంపే ఉపాయాలన్నిటికీ ఇదే గతి.

మూడవది వినోదమృగయ. ఆకలి లేదు, ఆపద లేదు, రాజధర్మం లేదు. ఉన్నది కుతూహలం, మిత్రుల మెప్పు, గోడమీద ఒక శిరస్సు. భారతదేశంలో ఇది నేరం. షెడ్యూలు ఒకటిలోని ప్రాణుల విషయంలో మూడేళ్ళకు తగ్గని, ఏడేళ్ళ వరకు సాగగల కారాగారశిక్ష ఉన్నది. ఆ చట్టం 'వేట' అన్న పదాన్ని నిర్వచించిన తీరు గమనార్హం: చంపడమే కాదు, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటయే. గురి తప్పినవాడు నిర్దోషి కాడు. సంకల్పమే కర్మబీజమన్న సనాతనదృష్టి ఆధునికశాసనంలో ఈ విధంగా ప్రతిధ్వనించింది.

సంకల్పపరీక్ష

అందువల్ల వేటయాత్రకు సన్నాహం చేసుకునేవాడు తుపాకి గురి సరిచూసుకోవడానికి ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. ప్రాతఃకాలాన స్నానం చేసి, దీపం ఎదుట కూర్చొని, ఆ యాత్రకు సంకల్పం చెప్పాలి. ఫలానా దేశంలో, ఫలానా మాసపక్షతిథులలో, ఫలానా గోత్రంలో జన్మించిన, ఫలానా తల్లిదండ్రుల పుత్రుడైన వ్యక్తి, ఈ కారణంచేత, ఈ ప్రాణిని వధింపబోతున్నాడు అని పైకి వినబడేలా ఉచ్చరించాలి. 'ఈ కారణంచేత' అన్నచోట వాక్కు తడబడకుండా సాగితే అతని అంతరాత్మతో అతడే సమాధానపడాలి. తడబడితే, ఆ తడబాటే అంతర్యామి పలికిన నిషేధవాక్యం. బయానా పోతే పోవచ్చు. అది నష్టం కాదు, ప్రాయశ్చిత్తం.

మిత్రుల ఆహ్వానాన్ని తిరస్కరించవలసిన అవసరం కూడా లేదు. అదే అడవికి, అదే వేకువన, అదే నిశ్శబ్దంతో వెళ్ళవచ్చు. గాలివాలు చూచుకోవడం, అడుగుల సవ్వడి అణచడం, గంటల తరబడి కదలక కూర్చోవడం, జాడలు చదవడం – కౌటిల్యుడు మెచ్చిన గుణాలలో ముఖ్యమైనవన్నీ మీట నొక్కకుండానే లభిస్తాయి. ఏకాగ్రత, సహనం, నిశ్చలాసనం ధ్యానానికి అంగాలే. మృగం కంటబడిన ఆ క్షణంలో శ్వాస ఆగి మనస్సు నిలుస్తుందని వేటగాళ్ళు చెప్పే అనుభవం అసత్యం కాదు. ఆ నిలకడకు రక్తం ఫలశ్రుతి కానక్కరలేదు.

ఇక ఆలయంలో నిలిచి ఉన్న ఆ తల్లికి అర్చకుడు చెప్పవలసినదేమిటి? అర్చన నిరాకరించరాదు, బిడ్డ క్షేమం కోరే హక్కు ఏ తల్లికైనా ఉన్నది. గోత్రనామాలు చెప్పి, క్షేమస్థైర్యాలతోపాటు సద్బుద్ధిని కూడా సంకల్పంలో చేర్చి పూజ చేయాలి. ప్రసాదం చేతిలో పెడుతూ, 'అమ్మా, రాత్రి ఫోను చేసినప్పుడు ఏ మృగాన్ని కొట్టబోతున్నావు నాయనా, ఎందుకు అని ఒక్కమాట అడుగు' అని చెప్పాలి. అంతకంటె ఎక్కువ చెప్పనక్కరలేదు. తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పవలసివచ్చినప్పుడు మనిషి తన సంకల్పాన్ని తాను వింటాడు.

భూపాలపల్లి జిల్లాలో, గోదావరీ ప్రాణహితల సంగమతీరాన, కాళేశ్వర ముక్తీశ్వరస్వామి ఒకే పానవట్టంపై రెండు లింగాలుగా వెలసి ఉన్నాడు. ఒకటి కాలుడైన యముని రూపం, రెండవది ముక్తిప్రదాత శివుడు. ఏ జీవికైనా కాలనిర్ణయం, ముక్తిప్రదానం – ఈ రెండూ ఆ పీఠానికి చెందినవేనని అక్కడ నిలిచిన భక్తునికి వేరే వ్యాఖ్యానం లేకుండానే బోధపడుతుంది. రుసుము చెల్లించి కొన్నంత మాత్రాన ఆ పీఠంమీది అధికారం మానవునికి సంక్రమించదు.

స్వస్తి.